వెట్టికి అడగని వంశవృక్షం భూమికి అడుగుతున్నారు

మన తాతలను వెట్టికి పిలిచిన రోజుల్లో ఏ కరణమూ, ఏ దొరా వంశవృక్షం అడగలేదు. తండ్రి చచ్చిన మర్నాడే కొడుకును పిలిచారు. కొడుకు చిన్నోడైతే తమ్ముణ్ణి పిలిచారు. తమ్ముడు లేకపోతే అన్న కొడుకును పట్టుకొచ్చారు. చచ్చిన గొడ్డును ఈడ్చడానికి, కచ్చేరి కబురు మోయడానికి, డప్పు కొట్టడానికి వారసుడెవడో రచ్చబండ మీద కూర్చున్నచోటే తేల్చేశారు. అప్పుడు అఫిడవిట్ లేదు, నోటరీ లేదు, ఇద్దరు సాక్షుల సంతకం లేదు.

అదే తాత పేరున ఈరోజు ఎకరంన్నర భూమి ఉంది. పాసుబుక్కులో పేరు మార్చండయ్యా అని మనవడు తహశీల్దారు ఆఫీసుకు పోతే మొదటి ప్రశ్న ఏంటి? "నువ్వు ఆయన మనవడివని రుజువేంటి?"

వెట్టికి పనికొచ్చిన చుట్టరికం భూమి దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోయింది.

పేపర్లలో పెద్ద కులాలవాళ్ల ఆస్తి తగాదాలు, ట్రస్టు తగాదాలు వస్తుంటాయి. కోట్ల గొడవ, మనకెందుకులే అని పేజీ తిప్పేస్తాం. కానీ మన వాడలో ఒక్క ఎకరం తగాదా చూడండి. అన్నదమ్ములు పోలీసు స్టేషన్ దాకా పోతారు. చెల్లెలు పుట్టింటికి రావడం మానేస్తుంది. చావు కబురు కూడా చెప్పుకోరు. చివరకు ఆ ఎకరం అన్నకూ దక్కదు, తమ్ముడికీ దక్కదు. మధ్యలో దూరిన మూడోవాడు దున్నుకుంటాడు. మన ఊళ్లల్లో ఇది ఎన్నిసార్లు చూడలేదు?

అందుకే ముందే చెప్తున్నాం. మన వంశం లెక్క ఎవడి చేతిలో ఉంటే మన భూమి వాడి చేతిలో ఉంటుంది. ఆ లెక్క మనమే రాసుకోవాలి. ఆడపిల్లల పేర్లతో సహా రాసుకోవాలి. తగాదా పుట్టకముందే రాసుకోవాలి.

ముందు పేర్ల సంగతి చూద్దాం. పెద్ద కులమాయన పేరు రికార్డులో ఇంటిపేరుతో మొదలై కులం తోకతో ముగుస్తుంది. నాలుగు తరాల వెనక్కి పోయినా మనిషి దొరుకుతాడు. మన తాత పేరు ఎట్లా రాశారు? కులం ముందు పెట్టి చివర 'గాడు' తగిలించారు. మాదిగ ఎల్లిగాడు, మాల పోలిగాడు. ఇంటిపేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఊళ్లో ముగ్గురు ఎల్లిగాళ్లు ఉంటే ఎవరి చెక్క ఎవరిదో రాసినవాడికే తెలియాలి. ఆ ఎల్లిగాడే ఓటర్ల లిస్టులో ఎల్లయ్య అయ్యాడు. బాప్తిస్మం తీసుకుంటే చర్చి రిజిస్టరులో అబ్రహాము అయ్యాడు. రేషన్ కార్డులో ఇంటిపేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. మనిషి ఒక్కడే, కాగితాల్లో నలుగురు. ఆ నలుగురూ ఒక్కడేనని చూపించలేకపోతే ఆయన పిల్లలు ఎవరికీ పిల్లలు కాకుండా పోతారు.

నేను బడిపంతుల్ని. పాత అడ్మిషన్ రిజిస్టరు నకలు కావాలని వచ్చేవాళ్లను చూస్తుంటాను. యాభై ఏళ్లు దాటిన మనిషి చేతులు కట్టుకుని నిలబడి, "సారూ, నన్ను బడిలో వేసినప్పుడు మా నాయన పేరు ఏమని రాశారో కాస్త చూడండి" అంటాడు. ఆనాటి పంతులు తనకు వినిపించిన పేరు రాసుకున్నాడు. ఆ ఒక్క గీత మీద ఇప్పుడు ఒక కుటుంబం నోటికాడి కూడు ఆధారపడి ఉంది. బడికి పోని అక్కకు ఆ గీత కూడా లేదు.

జోగిని తల్లుల పిల్లల గతి ఇంకా ఘోరం. కొడుకులు లేని ఇంట్లో కూతుర్ని జోగిని చేసి, ఇంటిపట్టున ఉండి మమ్మల్ని చూస్తుందన్నారు. ముసలివాళ్లు పోయాక పెదనాన్న కొడుకులు వచ్చి, "నీ పిల్లలకు తండ్రి పేరేది? భూమి మాది" అంటారు. ఊరంతా కలిసి చేసిన పాపానికి పిల్లల్ని దోషుల్ని చేస్తారు. 1988లో జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆస్తి సంగతికొస్తే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ పిల్లలు తల్లికి వారసులు. తల్లికి వచ్చిన వాటా వాళ్లకు వస్తుంది. తండ్రి పేరు లేదని తల్లి ఆస్తి ఆపే అధికారం ఎవడికీ లేదు.

దళితులకు వంశం లెక్క ఎక్కడుంది అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు తెలియదు. పెద్ద కులాల వంశాలు చెప్పడానికి పిచ్చకుంట్లవాళ్లు ఉన్నట్టే మాదిగల ఇంటిపేర్లు, గోత్రాలు చెప్పడానికి డక్కలివాళ్లు ఉన్నారు. ఊరూరా తిరిగి, కిన్నెర వాయించి, జాంబ పురాణం చెప్పి, ఏ ఇంటివాళ్లు ఎక్కడినుంచి వచ్చారో, ఎవరికి ఎవరు ఏమవుతారో నోటిమీద నిలుపుకున్నారు. మరి మనం చేసిందేంటి? మన వంశం చెప్పే నోటికి మన గ్లాసులో నీళ్లు ఇవ్వలేదు. వాడ బయటే నిలబెట్టాం. అంటరానితనం మీద పోరాడే మనం ఈ సంగతి కూడా మాట్లాడాలి. డక్కలి కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు చప్పట్లు కొట్టాం. ఆ కులంలో ముసలివాళ్ల దగ్గర కూర్చుని మన లెక్క మనం రాసుకున్నామా?

నోటిమీద ఉన్న లెక్క మనది. కాగితం మీద ఉన్న లెక్క కరణానిది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి మాన్యాల చిట్టా రాయించింది. వెట్టికి, నీరటి పనికి, ఊరి కాపలాకు ఇచ్చిన మాన్యాలు చాలా ఊళ్లల్లో మనవాళ్ల చేతిలో ఉండేవి. తర్వాత ఇనాములు రద్దు చేసి సాగులో ఉన్నవాళ్లకు హక్కు ఇచ్చే చట్టాలు తెలంగాణ ప్రాంతంలో 1955లో, ఆంధ్ర ప్రాంతంలో 1956లో వచ్చాయి. పట్టా అన్నా, ఓఆర్సీ అన్నా ఒక షరతు ఉంది. మాన్యం ఎవరి పేరున ఉందో ఆయనకు నువ్వు ఏమవుతావో చెప్పాలి, కాగితం చూపాలి. కాగితం కరణం దస్తరంలో, పట్వారీ సంచిలో ఉంది. అడిగినోడికి చూపలేదు. 1984లో కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులు పోయాయి. పదవి పోయినా దస్తరం చాలా ఊళ్లల్లో వాళ్ల అటక మీదనే ఉండిపోయింది.

బాబాసాహెబ్ దీన్ని మహారాష్ట్రలో ఎప్పుడో పట్టుకున్నాడు. అక్కడ మహర్లకు వతన్ అనే వారసత్వపు ఊడిగం ఉండేది. దానికి బదులుగా కాస్త భూమి. తరం తరానికీ పంచుకుంటూ పోతే ఆ భూమి గోచీ గుడ్డంత అయ్యేది, ఊడిగం మాత్రం ఇంటిల్లిపాదికీ మిగిలేది. 1928లో ఆయన బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఊడిగం తెగాలి, భూమి నిలవాలి అన్నది దాని సారం. ఆ బిల్లు గట్టెక్కలేదు. వతన్లు రద్దు కావడానికి 1958 దాకా పట్టింది. ఊడిగాన్ని వారసత్వంగా ఇచ్చి భూమిని వారసత్వంగా ఇవ్వని ఊరి న్యాయం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఇక నమ్మించి ముంచేవాళ్ల సంగతి. ఒకరి ఆస్తిని ఇంకొకరి మేలు కోసం చూసుకునేవాణ్ణి ధర్మకర్త అంటారు, ఇంగ్లీషులో ట్రస్టీ. మనం ఏనాడూ ట్రస్టు రాసుకోలేదు గానీ మన పల్లెల్లో ఇట్లాంటి ధర్మకర్తలకు కొదవ లేదు. ధర్మం ఉండదు, కర్త మాత్రం అవుతాడు.

మొదటివాడు ఊరి పెద్దమనిషి. "మీ ఇల్లు కురుస్తుందిరా, కాగితాలు చెదలు పడతాయి, మా బీరువాలో పెట్టు" అంటాడు. లేకపోతే అయిదు వేలు అప్పిచ్చి పట్టా కాగితం ఉంచుకుంటాడు. అప్పు ఇచ్చినోడు పోతాడు, తీసుకున్నోడు పోతాడు. వాళ్ల కొడుకు ట్రాక్టరు దున్నుతుంటాడు, మన కొడుకు ఆ చేలోనే కూలికి పోతాడు. డి పట్టా భూమికి వారసత్వం లేదు, ముసలోడితోనే పోయింది అని కూడా వీళ్లే ప్రచారం చేస్తారు. శుద్ధ అబద్ధం. అసైన్డ్ భూమి అనుభవం తరతరాలకూ వస్తుంది. 1977 అసైన్డ్ భూముల చట్టం బదలాయింపును నిషేధించింది గానీ వారసత్వాన్ని నిషేధించలేదు. అక్రమంగా చేతులు మారిన భూమిని వెనక్కి తీసుకుని అసలు అసైనీకి గానీ ఆయన వారసులకు గానీ ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. అది కుదరకపోతే ప్రభుత్వం తీసుకుని వేరే భూమిలేని పేదలకు ఇస్తుంది. అంటే ఏంటి? వారసుడు కనపడకపోతే పోరాడి గెలిచిన భూమి కూడా మన ఇంటికి రాదు.

రెండోవాడు బ్రోకరు. వీడు అందరికంటే బాగా వంశ పరిశోధన చేస్తాడు. హైదరాబాదు చుట్టుపక్కల భూముల రేట్లు పెరిగాక 1954-55 కాస్రా పహాణీ చేతబట్టుకుని తిరిగేవాళ్లు పుట్టుకొచ్చారు. పాత పట్టాదారు పేరు చూస్తారు. ఆయన మనవళ్లు ఏ బస్తీలో ఉన్నారో, ఏ ఇటుక బట్టీలో ఉన్నారో మనకంటే ముందు కనిపెడతారు. ఒకరోజు కారు వచ్చి వాకిట్లో ఆగుతుంది. "మీ తాతది ఫలానా చోట భూమి ఉందమ్మా, కోర్టు ఖర్చులన్నీ మావే, ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. చేతిలో ఇరవై వేలు పెడతారు. ఆ సంతకం జీపీఏ మీద. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అసైన్డ్ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన భూములను అసలు అసైనీలు, వాళ్ల వారసులు అమ్ముకునే వీలు ఇచ్చారు. పేదల చేతినుంచి చవగ్గా కొట్టేశారన్న ఆరోపణల మీద 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగింది. వారసులను వెతికే ఓపిక బ్రోకరుకు ఉంది. మనకు లేదు. తేడా అక్కడే ఉంది.

జీపీఏ రాసినంత మాత్రాన భూమి అమ్మినట్టు కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. జీపీఏ తీసుకున్నవాడు మన తరఫు మనిషి, మనకు పైసా పైసా లెక్క చెప్పాల్సినవాడు. రాసిచ్చినవాళ్లు మామూలుగా దాన్ని రద్దు చేసుకోవచ్చు కూడా. అయితే ఆ కాగితంలో ఇంకేమేం రాశారో చూసుకోవాలి. చదవని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. చదివి చెప్పేవాళ్లు వచ్చేదాకా కారును వాకిట్లోనే ఉండనివ్వండి.

మూడోవాడు ఇంటివాడు. ఇది రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే మన పత్రిక ఎందుకు? తల్లీ తండ్రీ పోయిన పిల్లల్ని బాబాయి దగ్గరికి తీస్తాడు. పది మందీ మెచ్చుకుంటారు. పిల్లలు ఎదిగేసరికి భూమి బాబాయి పేరున ఉంటుంది. అడిగితే "పెంచాను కదరా, ఆ ఖర్చు ఎక్కడినుంచి వచ్చింది?" అంటాడు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఏం చెప్తుంది? కన్నతండ్రి అయినా సరే, కోర్టు అనుమతి లేకుండా మైనరు సొంత స్థిరాస్తిని అమ్మడానికి లేదు. పెంచుతున్నాననే పేరుతో చుట్టానికి ఆ అధికారం అసలే లేదు. గార్డియన్ అమ్మేసి ఉంటే పిల్లవాడికి పద్దెనిమిది నిండాక మూడేళ్లలోపు కోర్టుకు పోవాలి. ఆ మూడేళ్లూ మన పిల్లలు హాస్టల్లోనో, హైదరాబాదు, బెంగుళూరు కూలి పనుల్లోనో ఉంటారు. గడువు సంగతి చెప్పే దిక్కు ఉండదు. ఆ దిక్కు సంఘమే కావాలి.

నామినీ సంగతి కూడా ఇదే. బ్యాంకులో డబ్బుకు నామినీగా పేరున్నవాడు ఆ డబ్బుకు యజమాని కాడు. బ్యాంకు అతని చేతికి ఇస్తుంది, అతను వారసులందరికీ పంచాలి. తెలంగాణలో 2018లో రైతు బీమా మొదలయ్యాక, రైతు చనిపోతే వచ్చే అయిదు లక్షల మీద కూడా నామినీ గొడవలు చూస్తున్నాం. అన్నదమ్ముడి పేరు నామినీగా రాసి భార్య పేరు మరిచిపోయిన ఫారాలు ఉన్నాయి. ఇవాళే మీ పాసుబుక్కులు, బాండ్లు తీసి చూసుకోండి.

నాలుగోవాడు సంఘం లీడరు. ఔను, మన సంఘాల్లోనివాడే. కేసు వేస్తాననీ, కలెక్టరు దగ్గరికి తీసుకుపోతాననీ ఒరిజినల్ కాగితాలు తీసుకుంటాడు. ఇంటికింత చందా వసూలు చేస్తాడు. ఆరు నెలలు కనిపించడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మన భూమి గుంజుకున్న అగ్రకులపోడి మీద పనిచేస్తుంది. మనలో ఒకడు మనల్ని ముంచితే ఆ చట్టం రాదు. అప్పుడు మిగిలేది నమ్మకద్రోహం కేసు, అంతకంటే ముందు జనం నిలదీయడం. నీలి జెండా భుజాన వేసుకున్నంత మాత్రాన లెక్క చెప్పనక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు.

ఇప్పుడు అసలు ముల్లు దగ్గరికి వద్దాం. వంశవృక్షం రాయమంటే మన ఇళ్లల్లో ఎట్లా రాస్తున్నారు? తాత, ఆయన కొడుకులు, వాళ్ల కొడుకులు. అత్తలు లేరు, అక్కలు లేరు. భార్య పేరు ఉంటే ఉంది, లేకపోతే లేదు. తండ్రి దినాలు అయిపోగానే పెద్దకొడుకు అఫిడవిట్ రాయిస్తాడు. వారసులు ముగ్గురు కొడుకులే అని ఊరి పెద్దలు సంతకం పెడతారు. ఇద్దరు కూతుళ్లు ఆ అరుగు మీదనే కూర్చుని వచ్చినవాళ్లకు అన్నాలు వడ్డిస్తుంటారు. బతికున్న మనుషుల్ని కాగితం మీద చంపేస్తున్నాం. మన తాతకు ఇంటిపేరు రాయని కరణానికీ, చెల్లెలి పేరు రాయని అన్నకూ తేడా ఏముంది?

చట్టం ఏముందో తెలుసుకోండి. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత భూమిలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక సమాన వాటా. ఇది 1956 నుంచే ఉంది. లెక్క చూడండి. ఎల్లయ్య అనే ఆయన మూడెకరాలు వదిలి పోయాడనుకుందాం. తల్లి బతికుంది, భార్య ఉంది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. మొత్తం ఆరుగురు. తలా అరెకరం. కొడుకులు చెరి ఎకరంన్నర రాసుకున్నారంటే నలుగురు ఆడవాళ్ల రెండెకరాలు తిన్నట్టు. తాతలనాటి ఉమ్మడి ఆస్తిలో కూడా కూతురికి హక్కు ఉందని, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు ఆంధ్రప్రదేశ్ అందరికంటే ముందు చట్టం తెచ్చింది. అప్పటికి పెళ్లయినవాళ్లను అది వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా ఆ హక్కు వచ్చింది, పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. తండ్రి ఎప్పుడు చనిపోయినా సరే, కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు ఉందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా అయిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

మేం క్రైస్తవులం, మాకు వేరే అంటారు కొందరు. బౌద్ధులకు హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానం. గుడికి పోయినా చర్చికి పోయినా విహారానికి పోయినా కూతురి పేరు కొట్టేయమని ఏ చట్టమూ చెప్పడం లేదు.

"కట్నం ఇచ్చాం, పెళ్లి చేశాం, ఇంకేం వాటా?" అంటారు. కట్నం తీసుకున్నది అల్లుడి ఇల్లు. అది చట్టం ప్రకారం నేరం కూడా. నేరం వాటా కింద ఎట్లా లెక్క వేస్తారు? "చెల్లెలే వద్దంది, సంతకం పెట్టింది" అంటారు. ఎందుకు పెట్టింది? అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుందని భయపడి పెట్టింది. మొగుడు కొట్టిన రోజున పోవడానికి ఒక గడప కావాలని పెట్టింది. పండగకు ఒక చీర పెట్టి అరెకరం రాయించుకోవడాన్ని అభిమానం అంటారా? నిజంగానే ఆమె ఇష్టపడి వదులుకుంటే వదులుకోనివ్వండి. ముందు ఆమె పేరు రాయండి, ఆమె వాటా ఎంతో చెప్పండి, ఆ తర్వాత ఆమె నిర్ణయం ఆమెది.

బాబాసాహెబ్ ఫోటోకు దండ వేసే ప్రతి అన్నా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆయన 1951 సెప్టెంబరులో కేంద్ర మంత్రి పదవి వదిలేసినప్పుడు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి హిందూ కోడ్ బిల్లును అటకెక్కించడం. కూతురికి ఆస్తిలో వాటా ఆ బిల్లులో ఉంది. ఆయన మంత్రి పదవి వదిలాడు. మనం అరెకరం వదలలేమా?

ఇంకో మాట. చెల్లెలి పేరు రాస్తే భూమి ముక్కలవుతుంది, పోతుంది అనే భయం కూడా తప్పు. అందరి పేర్లూ ఉన్న భూమిని ఒక్కణ్ణి తాగించి రాయించుకోవడం బ్రోకరుకు కుదరదు. ఆరుగురి సంతకం కావాలంటే వాడు ఆరు వాకిళ్లు ఎక్కాలి. ఒక్క కొడుకు పేరున ఉన్న భూమి ఒక్క రాత్రిలో పోతుంది. అక్కచెల్లెళ్ల పేర్లు మన భూమికి కంచె.

అన్న ఒక్కడే ఇన్నేళ్లు దున్నుకున్నాడు, పన్నెండేళ్లు దాటింది, ఇక ఆయనదే అని కూడా కొందరు చెప్తారు. వాటాదారుల్లో ఒకరు దున్నితే అందరి తరఫున దున్నినట్టే లెక్క. నీకేమీ లేదు పో అని బాహాటంగా వెళ్లగొట్టి, ఆపైన గడువు దాటితే తప్ప వాటా పోదు. రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు మారదనీ, అది శిస్తు లెక్క కోసమేననీ కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. తెలంగాణలో 2020 ధరణి చట్టం కింద వారసుల ఉమ్మడి ఒప్పంద పత్రం చూసి పేరు మార్చేశారు. పత్రంలో రాయని చెల్లెలికి కబురు లేదు. 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతి చట్టం నోటీసు, విచారణ మళ్లీ పెట్టింది. నోటీసు వచ్చినప్పుడు నోరు మూసుకోకుండా పోయి అభ్యంతరం రాసివ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో తహశీల్దారు ఆర్డరు మీద ఆర్డీవోకు అప్పీలు ఉంది.

మరి మన చుట్టరికానికి రుజువేంటి? కోర్టులు కాగితమే కావాలని పట్టుబట్టవు. 1872 సాక్ష్య చట్టంలోనూ, దాని బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఒక మంచి మాట ఉంది. కుటుంబం సంగతి తెలిసినవాళ్లు చనిపోయేముందు చెప్పిన చుట్టరికం, ఇంటివాళ్లు రాసుకున్న వంశావళి, సమాధి రాయి మీద చెక్కిన పేర్లు సాక్ష్యంగా పనికొస్తాయి. షరతు ఒక్కటే, అవి తగాదా పుట్టకముందు చెప్పినవో రాసినవో అయి ఉండాలి. తగాదా వచ్చాక రాసిన వంశవృక్షాన్ని ఎవడి లాభానికి వాడు రాసుకున్నాడంటారు. అందుకే ఇవాళ రాయాలి అంటున్నాం. మన వాడలో ఎనభై దాటిన అవ్వ ఉందంటే ఆమే మన రికార్డు రూము.

ఊరూరా సంఘాలు ఈ పని చేపట్టాలి.

ఒకటి. ప్రతి ఇంటి వంశం లెక్క ఒక నోటుబుక్కులో రాయండి. మూడు తరాలు, కుదిరితే నాలుగు. కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు, చనిపోయిన పిల్లల పిల్లలు, రెండో పెళ్లి పిల్లలు, ఎవరినీ వదలొద్దు. చట్టం ఒప్పుకోని పెళ్లికి పుట్టిన పిల్లలకు కూడా తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉందని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. మనిషికి ఎన్ని పేర్లుంటే అన్నీ రాయండి. ఊరి పేరు, బడి పేరు, చర్చి పేరు, తిట్టు పేరు కూడా. పెద్దవాళ్ల చేత వేలిముద్ర వేయించి తేదీ వేయండి.

రెండు. దాన్ని వాడలో పది మంది ముందు బిగ్గరగా చదవండి. ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. మగవాళ్లు మరిచిపోయిన పేర్లు వాళ్లకే గుర్తుంటాయి.

మూడు. కాగితాలు వెతకండి. అడంగల్, 1-బి, పహాణీ, సేత్వార్, ఆర్ఎస్ఆర్, ఈసీ, బడి అడ్మిషన్ రిజిస్టరు, బాప్తిస్మం రిజిస్టరు, చనిపోయిన సర్టిఫికెట్. ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. పాత ఇనాం రికార్డులు కలెక్టరు ఆఫీసులోనూ, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ అడగండి.

నాలుగు. ఒరిజినల్ కాగితం ఎవరికీ ఇవ్వొద్దు. పెద్దమనిషికి వద్దు, లీడరుకు వద్దు, ఈ పత్రికవాళ్లకు కూడా వద్దు. జిరాక్సు ఇవ్వండి. చందా ఇస్తే రసీదు అడగండి.

ఐదు. వకీలుకు డబ్బు లేదని ఆగొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. దగ్గరి కోర్టులోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది.

అన్నలారా, అక్కలారా. మన తాత పేరును గాడు అని రాసినవాడు పోయాడు. ఆ పేరును సరిగ్గా, ఇంటిపేరుతో, ఆయన కూతుళ్లందరి పేర్లతో తిరగరాసే పని మన మీద ఉంది. వచ్చే పక్షానికల్లా ఒక్కో ఊరినుంచి కనీసం ఒక్క నోటుబుక్కు మొదలైందని మాకు కార్డు రాయండి. ఏ ఊళ్లో మొదలైందో ఈ పేజీలోనే వేస్తాం.

జై భీమ్.